గ్లైడర్‌కి రేడియో కొనబోయే మా అబ్బోడికి

చిత్తూరు

చి. హరికి,

మామ ఆశీస్సులు. గ్లైడర్‌ని, అంటే గాలి మీద జారే బొమ్మ విమానాన్ని, నేల మీద నుంచి నడిపే రేడియో ఏది కొనాలని అడుగుతూ నువ్వు పంపిన మూడు రేడియోల బొమ్మలూ చూశాను. మూడింటి కిందా నువ్వు రాసుకున్నవి రెండే లెక్కలు: ఎన్ని ఛానెళ్లు, ఎన్ని కిలోమీటర్లు. ఆ రెండింటితో గ్లైడర్ రేడియో తేలదురా అబ్బోడా.

ఛానెళ్ల సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. గ్లైడర్‌లో విడిగా కదిలే ఒక్కో భాగానికీ ఒక్కో ఛానెల్. తోకలో ముక్కుని పక్కలకి తిప్పే రడ్డర్, పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ మాత్రమే ఉండే చిన్న గ్లైడర్‌కి రెండు చాలు. రెక్కకొస పట్టుకుని గిర్రున తిరిగి విసిరే డిఎల్‌జికి నాలుగు. ఒక్కో రెక్క వెనకంచున గ్లైడర్‌ని పక్కకి వంచే ఐలెరాన్ ఒకటి, కిందికి దిగే ఫ్లాప్ ఒకటి ఉండే పెద్దదానికి ఆరు, దాని ముక్కులో మోటారు కూడా ఉంటే ఏడు. ఎనిమిది ఉంటే నీ మోజు తీరేదాకా సరిపోతాయి. ఇక కిలోమీటర్లంటావా, ఒకటిన్నర మీటరు రెక్క అర కిలోమీటరు దాటిందంటే ముక్కెటో తోకెటో తెలియదు. ఎటు తిరిగిందో తెలియనిదాన్ని రేడియో ఎంత దూరం పట్టుకుంటే నీకేం ఒరిగింది?

నువ్వు చూడాల్సింది, నీ వేలికీ, గ్లైడర్‌లో ఆ పలకల్ని కదిపే చిన్న మోటారు సర్వోకీ నడుమ ఆ పెట్టె ఏం చేయగలదు అన్నది. ఉదాహరణకి దించడమే తీసుకో. చంద్రగిరి అవతల శెనక్కాయలు పీకేసిన చేనులో దించుతున్నావు అనుకో. ఇటు గట్టు, అటు కరెంటు తీగలు. మంచి గ్లైడర్‌కి దిగే బుద్ధే ఉండదు. నేలకు మూరెడు ఎత్తున, ఎండిన మొక్కల కొసలు తాకీ తాకకుండా, చేను ఈ చివర నుంచి ఆ చివరికి జారుకుంటూ పోతుంది. దాన్ని ఆపడానికి రెండు ఐలెరాన్లూ పైకి లేవాలి, రెండు ఫ్లాపులూ బాగా కిందికి దిగాలి. దీన్నే క్రో బ్రేకు అంటారు, కొందరు బటర్‌ఫ్లై అంటారు. ఎడమ స్టిక్ కిందికి లాగేకొద్దీ బ్రేకు పెరుగుతుంది. అయితే ఫ్లాపులు దిగగానే ముక్కు పైకి లేస్తుంది. దాన్ని సర్దడానికి ఎలివేటర్ కొంచెం కిందికి దిగాలి, అదీ రేడియో తనంతట తానే దించాలి. ఇక్కడే ఉంది కిటుకు. స్టిక్ పావు వంతు లాగినప్పుడు కావలసిన సర్దుబాటూ, మొత్తం లాగినప్పుడు కావలసిన సర్దుబాటూ ఒకే లెక్కలో ఉండవు. మొదట్లో గబగబా కావాలి, తర్వాత మెల్లగా. ఒకటి కదిపితే ఇంకొకటి తానే కదిలే ఈ అమరికనే మిక్స్ అంటారు. అంటే ఆ మిక్స్‌కి గీత చాలదు, వంపు కావాలి, కర్వ్ అంటారే అది. చవక రేడియోల్లో మిక్స్ ఉంటుంది గానీ, దానికి కర్వ్ పెట్టుకునే వీలుండదు. నువ్వు ఏ రేడియో గురించి అడిగినా నా మొదటి ప్రశ్న ఇదే.

రెండోది ఫ్లైట్ మోడ్‌లు. విసిరేటప్పుడు రెక్క ఒకలా ఉండాలి, వేడిగాలిలో గుండ్రంగా తిరిగేటప్పుడు ఫ్లాపులూ ఐలెరాన్లూ రెండు మూడు డిగ్రీలు దిగి ఉండాలి, ఎదురుగాలికి తిరిగి రావాలంటే అవే కొంచెం లేవాలి. ఇవన్నీ ఒక్క మూడు స్థానాల స్విచ్ మీదికి రావాలి, అదీ స్టిక్ మీద నుంచి వేలు తీయకుండా అందేచోట ఉండాలి. ఒక్కో మోడ్‌కీ ఎలివేటర్ ట్రిమ్, అంటే దాని నడుమ స్థానాన్ని సర్దే చిన్న సర్దుబాటు, విడిగా గుర్తుండాలి. ఇది లేని రేడియోతో డిఎల్‌జి ఎగరేస్తే, విసిరిన ప్రతిసారీ ట్రిమ్ నొక్కుకుంటూ కూర్చోవాలి.

నీ జాబితాలో మొదటిది ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6. దాన్ని తిట్టను. నాలుగు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, చవక, థర్మాకోల్ గ్లైడర్ మీద చేయి తిరగడానికి బాగానే ఉంటుంది. కానీ నువ్వు ఆరు సర్వోల గ్లైడర్ మాట ఎత్తావు కాబట్టి ఇది వద్దు. కొన్న ఏడాదికే మళ్లీ కొనాలి. గ్లైడర్లు వస్తుంటాయి, విరుగుతుంటాయి, చేతిలో నిలిచేది రేడియో ఒక్కటే. డబ్బు అక్కడ పెట్టు.

ఫుటాబా, స్పెక్‌ట్రమ్ వాళ్లవి బాగుంటాయి. గ్లైడర్ అని ఎంచుకోగానే మెనూలన్నీ సిద్ధంగా వస్తాయి. కానీ ధర చూశావా? రేడియోతో పోయేది కాదు, ప్రతి గ్లైడర్‌కీ లోపల సిగ్నలు అందుకునే రిసీవర్ ఒకటి కొనాలి కదా, అసలు ఖర్చు అక్కడ తేలుతుంది. అందుకే ఎడ్జ్‌టీఎక్స్ నడిచే రేడియోల వైపు నేను మొగ్గుతాను. ఓపెన్‌టీఎక్స్ నుంచి చీలి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఏ మిక్స్ అయినా, నీకు కావలసినన్ని కర్వ్‌లూ పెట్టుకోవచ్చు. చిక్కేమిటంటే తెల్ల కాగితం చేతికిస్తుంది, అన్నీ నువ్వే రాసుకోవాలి. ఇంజనీరింగ్ చదివేవాడివి, నీకది చిక్కు కాదులే.

వీటిలో రేడియోమాస్టర్ టీఎక్స్16ఎస్ పెద్దది, పక్కల స్లైడర్లు ఉంటాయి, క్యాంబర్‌ని, అదే రెక్క వంపుని, వేలితో మెల్లగా సర్దుకోవడానికి అవి భలే పనికొస్తాయి. బాక్సర్ కొంచెం చిన్నది, డబ్బు తక్కువ. పాకెట్ ఇంకా చిన్నది, బ్యాగులో పడేసుకోవచ్చు. నీ చేతులు మీ నాయన చేతుల్లాంటివి, నీకు బాక్సర్ గానీ పెద్దది గానీ నప్పుతుంది.

కొనేముందు తిరుపతిలో ఎవరి దగ్గరైనా ఉంటే చేతిలోకి తీసుకో. ఛానెల్ మానిటర్ తెర తెరువు. కుడి స్టిక్‌ని ఒక మూలకి తీసుకెళ్లి మెల్లగా నడుమకి తెచ్చి వదులు. మళ్లీ ఎదురు మూల నుంచి తెచ్చి వదులు. రెండుసార్లూ అంకె సున్నా దగ్గరే నిలవాలి. అంకె వణికినా, ఇటు నుంచి వస్తే ఒకటి అటు నుంచి వస్తే ఇంకొకటి చూపించినా ఆ గింబల్, అంటే స్టిక్ అడుగున ఉండే అమరిక, అరిగినట్టే. అందుకే హాల్ సెన్సర్ గింబల్ ఉన్నదే తీసుకో. అయస్కాంతంతో కొలుస్తుంది, రాపిడి ఉండదు, దుమ్ముకి చెడదు. తర్వాత ఎడమ స్టిక్ చూడు. గరగరమంటూ పళ్ల మీద కదిలితే బ్రేకుకి పనికిరాదు. స్ప్రింగుతో నడుమకి వచ్చేసినా పనికిరాదు. నున్నగా కదిలి, పెట్టినచోట నిలవాలి. చాలా రేడియోల్లో వెనక మూత తీసి స్క్రూతో దాన్ని మార్చుకోవచ్చు. మోడ్ 2, అంటే బ్రేకు ఎడమ స్టిక్ మీద, ఎలివేటర్ కుడి స్టిక్ మీద ఉండేది తీసుకో, మన దగ్గర ఎక్కువమంది పట్టేది అదే. నేర్పేవాడు నీ రేడియో అందుకున్నప్పుడు తడబడకూడదు.

రిసీవర్ దగ్గర ఒక గోతి ఉంది, చూసుకో. ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ అనే పద్ధతి ఇప్పుడు బాగా నడుస్తోంది, చవక, గట్టి సిగ్నలు. కానీ దాని రిసీవర్లలో చాలామటుకు డ్రోన్ల కోసం చేసినవి. గోరంత ఉంటాయి, సర్వో గుచ్చే పిన్నులే ఉండవు. నీకు కావలసింది పీడబ్ల్యూఎం రిసీవర్, అంటే సర్వోలు నేరుగా గుచ్చేది. ఈఆర్8జీవీ లాంటివి గ్లైడర్ల కోసమే చేశారు, ఎనిమిది సర్వో పిన్నులూ, లోపలే వేరియో. రేడియోలో ఉన్న ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ ఫర్మ్‌వేర్, రిసీవర్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ ఒకే తరానివి కావాలి, రెండో తరంతో మూడోది కలవదు.

వేరియో అంటే గాలి ఒత్తిడి కొలిచి, గ్లైడర్ ఎక్కుతుంటే కీచుమని, దిగుతుంటే బొంగురుగా రేడియోలో కూత పెట్టేది. చాలా అంతర్జాతీయ గ్లైడర్ పోటీల్లో అది వాడనివ్వరు. నీకిప్పుడు పోటీల్లేవు కాబట్టి పెట్టుకో. కానీ మధ్యాహ్నం గద్దలు రెక్క ఆడించకుండా తిరిగే చోటు వెతకడం మాత్రం మానకు, కూత కన్నా ముందు అవే చెబుతాయి.

ఈ రేడియోలు నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఎవరైనా 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ చవగ్గా ఇస్తానంటే వద్దను. 890 నుంచి 915 దాకా ఇక్కడ సెల్‌ఫోన్లకి ఇచ్చిన జాగా.

కార్బన్ ఫైబర్ లోంచి 2.4 సిగ్నలు పోదు. ఒక కుర్రాడి గ్లైడర్‌లో యాంటెనాలు రెండూ కార్బన్ ముక్కులోనే ఉండిపోయాయి. చేతిలో అంతా పనిచేసింది, ఎత్తుకి పోయాక మాట వినలేదు, మామిడితోపులో దొరికేసరికి సాయంత్రమైంది. యాంటెనాల కొసలు బయటికి తీసి, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా పెట్టు. రేడియో యాంటెనా కొసని గ్లైడర్ వైపు గురిపెట్టకు, కొస వైపు సిగ్నలు అన్నిటికన్నా తక్కువ.

ఫెయిల్‌సేఫ్‌ని, అంటే సిగ్నలు తెగితే గ్లైడర్ ఏం చేయాలో ముందే చెప్పి ఉంచే అమరికని, ఉన్నదున్నట్టు పట్టుకునేలా వదిలేయకు. సిగ్నలు తెగినప్పుడు మోటారు ఆగాలి, బ్రేకు సగం పడాలి, రడ్డర్ కొంచెం ఒక పక్కకి ఉండాలి. అలా ఉంటే చుట్టలు తిరుగుతూ దగ్గర్లోనే దిగుతుంది. లేదంటే కాణిపాకం దాకా పోయి వెతుక్కోవాలి.

రేణిగుంట విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఏదీ ఎగరేయకూడదు. 8 నుంచి 12 దాకా 200 అడుగుల ఎత్తే, ఆ పైన మామూలు చోట్ల 400. ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాపులో నువ్వు ఎగరేసే చేను ఏ రంగులో ఉందో ముందే చూసుకో. తిరుమల కొండ వైపు మాట తలపెట్టకు.

డబ్బు కట్టేముందు పెట్టెలో రేడియోకి వేసే 18650 లిథియం సెల్లులు ఉన్నాయో లేవో అడుగు, చాలామంది సెల్లులు లేకుండానే పంపుతారు. పార్సిల్ వచ్చిన రోజే గ్లైడర్‌కి బిగించకు. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి తగిలించి పికాసిమ్‌లో ఎగరేయి, అది ఉచితం. గ్లైడర్లకోసమే చేసిన సిమ్యులేటర్ అది. ఎడమ స్టిక్‌తో బ్రేకు వేసి అనుకున్నచోట దించడం అలవాటయ్యాక, ఒక ఆదివారం చిత్తూరు బస్సెక్కు. రేడియో, రిసీవర్, సర్వోలు తెచ్చుకో, గ్లైడర్ వద్దు. క్రో కర్వ్ బల్ల మీదే పెడదాం. చిన్న స్క్రూడ్రైవర్లు నా దగ్గరున్నాయి. అమ్మని అడిగానని చెప్పు.

మామ