పాత ఏటీవీకి బ్రేకులు మార్చే ముందు: అల్లుడికి ఒక ఉత్తరం

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఏటీవీ, అంటే ఎలాంటి దారిలోనైనా నడిచే ఆ నాలుగు చక్రాల బండి, పాతదైనా ఫ్రేము గట్టిగా ఉంది, వెల్డింగుల దగ్గర పగుళ్లేమీ కనబడలేదు. మంచి బండే కొన్నావు. "వాలులో దిగుతుంటే బ్రేకు పట్టట్లేదు మావయ్యా, డ్రమ్ములన్నీ పీకేసి డిస్కులు పెట్టించేస్తాను" అన్నావు చూడు, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. డిస్కులు వద్దని కాదు. బ్రేకు ఎందుకు పట్టట్లేదో తెలుసుకోకుండా సామాను కొంటే, పాత జబ్బు లోపలే ఉండిపోతుంది, పైన కొత్త జబ్బు చేరుతుంది.

ముందు టైర్ల సంగతి. 24 అంగుళాలవి తీసేసి 27 అంగుళాలవి వేయించావు కదా, అవి ఎంత అందంగా ఉన్నా బ్రేకు మీద భారమే. చక్రం పెద్దదైన కొద్దీ అదే బ్రేకు నేల దగ్గర తక్కువ బలంతో ఆపుతుంది. నీ బండి బ్రేకు బలంలో పదో వంతు పైనే అక్కడ పోయింది. దానికి తోడు టైరు బరువు పెరిగింది, తిరిగే బరువును ఆపడం ఇంకా కష్టం. బ్రేకు చెడిపోయిందని నువ్వు అనుకుంటున్న దాంట్లో కొంత ఈ టైర్లదే.

ఇప్పుడు బండిని చదునైన నేల మీద స్టాండుల మీద నిలబెట్టి డ్రమ్ములు విప్పు. ఒట్టి జాకీని నమ్మి కింద చేతులు పెట్టకు. డ్రమ్ము ఊడి రాకపోతే సుత్తితో బాదకు, ముందు బ్రేకు అడ్జస్ట్‌మెంటు వదులు చేసి చూడు. ఊడాక లోపల ఏం కనబడుతుందో నాకు ఇప్పుడే తెలుసు: దోసెపిండిలా ముద్దకట్టిన బూడిదరంగు బురద, ఒక వైపు తుప్పు నీళ్ల చారలు, అద్దంలా మెరిసే షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపే పట్టీలు). ఆ మెరుపే అసలు దొంగ. వేడికి షూ పైపొర గట్టిపడి నున్నబడిపోతుంది, ఇక లివరు ఎంత నొక్కినా జారడమే తప్ప పట్టుకోదు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకు, నోటితో అసలే ఊదకు. పాతకాలం షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ముక్కుకు మాస్కు పెట్టుకుని, తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారెయ్యి.

షూల మీద గ్రీజు గానీ బ్రేక్ ఆయిల్ గానీ ఇంకి ఉంటే మారు మాట లేదు, కొత్తవే వెయ్యాలి. డ్రమ్ము లోపలి కొలత కూడా చూడు. ఎంతవరకు అరగవచ్చో చాలా డ్రమ్ముల మీదే అచ్చుపోసి ఉంటుంది, అది దాటితే కొత్త షూలు వేసినా ఫలితం ఉండదు. నీళ్లు లోపలికి రాకుండా అంచున రబ్బరు సీలు ఉంటుంది, దాన్ని తప్పకుండా మార్చు. చాలామంది షూలు మార్చి సీలు వదిలేస్తారు. మొదటి వాగు దాటగానే మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాత రబ్బరు గొట్టాలు. ఏళ్లు గడిచిన గొట్టం పైకి బాగానే ఉంటుంది. ఒకరిని లివరు గట్టిగా నొక్కమని, నువ్వు గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని చూడు. ఉబ్బినట్టు తెలిస్తే, నీ చేతి బలం చక్రం దాకా పోకుండా ఆ ఉబ్బులోనే ఆగిపోతోందన్నమాట. కొన్ని గొట్టాలు లోపలి పొర ఊడి దారి మూసేస్తాయి: లివరు వదిలినా బ్రేకు వదలదు, చక్రం పట్టేసి వేడెక్కుతుంది. స్టీలు అల్లిక ఉన్న గొట్టాలు వేయించు. పాత బండికి నేను చెప్పే మొదటి అప్‌గ్రేడ్ ఇదే, తక్కువ ఖర్చులో లివరు రాయిలా గట్టిపడుతుంది. గొట్టం విప్పిన ప్రతిసారీ రాగి వాషర్లు కొత్తవి వెయ్యాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక రకం) కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు. పొడవాటి వాలులో బ్రేకు వేడెక్కి లోపల ఆవిరి పుట్టిందంటే లివరు మెత్తగా అయిపోతుంది. అందుకే కాఫీ రంగుకు తిరిగిన ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోయి. బండి మీది ఆయిల్ డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే. డాట్ 5 సిలికాన్‌ది, దాన్ని మిగతా వాటితో కలపకూడదు. డాట్ 5.1 వేరు, పేరు చూసి పొరబడకు. ఆయిల్ అన్నారు కదా అని ఇంజన్ ఆయిల్ చుక్క కూడా తగలనివ్వకు, లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

ఇవన్నీ చేశాక రెండు వారాలు నడుపు. అప్పటికీ చాలకపోతే, లేదా నీ దారిలో నీళ్లు రోజూ తప్పవంటే, అప్పుడు డిస్కుల మాట ఎత్తు. డ్రమ్ములోకి వెళ్లిన నీరు అక్కడే కూర్చుంటుంది, డిస్కు మాత్రం రెండు మూడు చుట్లలో విదిల్చేసుకుంటుంది. కానీ జిగట బురదలోనే తిరిగేవాడికి డిస్కు ప్యాడ్లు త్వరగా అరిగిపోతాయి, వాడికి సీలు బాగున్న డ్రమ్మే మేలు. నీది రాళ్ల దారి, వాగులు కాబట్టి ముందు రెండు చక్రాలకు డిస్కులు నాకూ సమ్మతమే.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను నా పాత బండికి ముందు రెండు వైపులా పెద్ద కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగాలు) వేయించి, మాస్టర్ సిలిండర్ (లివరు నొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి తోసేది) మాత్రం డ్రమ్ములదే ఉంచేశాను. చదును నేల మీద బ్రహ్మాండంగా ఆగింది. మూడో రోజు గులకరాళ్ల వాలులో దిగుతుంటే లివరు నేరుగా గ్రిప్పుకు తగిలింది, బండి ఆగలేదు. గేరు తగ్గించి, పక్కనున్న పొదలోకి తిప్పి ఎలాగో నిలిపాను. చేతులు చాలాసేపు వణికాయి. తర్వాత విప్పి చూస్తే తెలిసింది: కాలిపర్ల పిస్టన్లు పెద్దవి, వాటిని కదిలించాలంటే ఎక్కువ ఆయిల్ కావాలి, చిన్న మాస్టర్ సిలిండర్ ఒక్క నొక్కుకు అంత పంపలేదు. దానికి తోడు చక్రం బేరింగు కొంచెం వదులుగా ఉంది. గతుకులకు డిస్కు అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేసింది. అందుకని బేరింగులు ముందు చూసుకో, కాలిపర్లు ఏ బండివో దాని మాస్టర్ సిలిండర్ కూడా అదే బండిది తీసుకో. అలాగని మరీ లావుది వెయ్యకు. లోపలి వ్యాసం 12.7 మిల్లీమీటర్లు ఉన్న చోట 14 వేస్తే లివరు గట్టిగా అనిపిస్తుంది, కానీ అదే చేతి బలానికి ఒత్తిడి ఐదో వంతు దాకా తగ్గిపోతుంది.

కొనే ముందు రిమ్ము లోపల కాలిపర్ పడుతుందో లేదో కొలిచి చూడు. చాలాసార్లు హబ్బు, నకిల్ (చక్రం బిగించే భాగాలు) కూడా మార్చాల్సి వస్తుంది, అందుకే నీ బండి కంపెనీవాళ్లే తర్వాత డిస్కులతో తెచ్చిన మోడల్ ఉంటే దాని సెట్టు మొత్తం వెతకడం నయం. వెనక డ్రమ్ము జోలికి పోకు. పార్కింగ్ బ్రేకు కేబుల్ దానికే ఉంది. అది పోతే వాలులో బండి ఆపి దిగడానికి నీకు దిక్కుండదు.

ప్యాడ్లు సింటర్డ్ రకానివి (లోహపు పొడిని వేడితో గట్టిపరిచి చేసినవి) తీసుకో, తడిలో, మట్టిలో అవే నిలబడతాయి.

ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలి తీయడం దగ్గర తొందర పనికిరాదు. బ్లీడర్ స్క్రూ (ఆ గాలిని బయటికి వదిలేది) కాలిపర్‌కు పైవైపున ఉందో లేదో ముందు చూడు. ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకు బిగిస్తే అది కిందికి వస్తుంది, రోజంతా నొక్కినా గాలి పోదు. ఒకరు లివరు నొక్కి పట్టుకుంటే నువ్వు స్క్రూ పావు చుట్టు వదులు చెయ్యి, బుడగలు వచ్చాక బిగించు, బిగించాకే లివరు వదలమను. పైడబ్బాలో ఆయిల్ అడుగంటకుండా చూసుకో. ఇంకా కొంచెం మెత్తగా ఉందనిపిస్తే లివరును గ్రిప్పుకు కట్టేసి రాత్రంతా వదిలెయ్యి, చిన్న బుడగలు పైకి చేరతాయి. చిందిన ఆయిల్ వెంటనే నీళ్లతో కడుగు, పెయింటు తినేస్తుంది.

కొత్త ప్యాడ్లతో మొదటి రోజే వాలులోకి దిగకు. చదును నేల మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి 10కి మెల్లగా తగ్గిస్తూ ఎనిమిది పదిసార్లు చెయ్యి, పూర్తిగా ఆపకు, మధ్యలో చల్లారనివ్వు. దిగేటప్పుడు ఎప్పుడైనా చిన్న గేరులోనే దిగు, ముందు బ్రేకు ఒక్కసారిగా గుంజకు. డిస్కులు వచ్చాక ముందు చక్రాలు తేలిగ్గా లాకవుతాయి, లాకైతే హ్యాండిల్ నీ మాట వినదు.

ఆదివారం డ్రమ్ములు విప్పాక షూల మందం, డ్రమ్ము లోపలి కొలత, మాస్టర్ సిలిండర్ మీద అచ్చుపోసిన అంకె రాసి పంపు. అవి చూశాక ఏ కాలిపర్లు వెతకాలో చెబుతాను. అప్పటిదాకా ఆ వాలు వైపు వెళ్లనని మీ అత్తకు ఫోన్ చేసి చెప్పు. నేను చెబితే నమ్మట్లేదు.

మీ మావయ్య