నీ థీబా నవల చదివాక

తమ్ముడూ,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. బర్మా ఆఖరి రాజు థీబా మీద, అతని మాండలే రాజభవనం మీద తెలుగులో నవల రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. ఇక తిట్లు.

మొదటి పేజీలోనే ‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అన్నావు. కొట్టెయ్. అక్కడి చిక్కు వేరు. థీబా తండ్రి మిండాన్ రాజుకు నూటికి పైగా బిడ్డలు. అయినా యువరాజుగా పెట్టుకున్నది తమ్ముడు కనౌంగ్‌ను. 1866లో ఇద్దరు కొడుకులు తిరగబడి ఆ బాబాయిని చంపేశారు. రాజు ఎలాగో బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత 12 ఏళ్లు వారసుడి పేరెత్తలేదు. ఎత్తితే ఆ పేరున్నవాడికో, తనకో చావు మూడుతుందని భయం. నీ నవల ఆ మౌనంతో మొదలవ్వాలి. నువ్వేమో నేరుగా 1879 ఫిబ్రవరిలో జరిగిన రాజకుటుంబీకుల హత్యలకు దూకావు.

అసలు సీను రెండు వాక్యాల్లో దాటేశావు. 1878 సెప్టెంబరు. రాజు మంచాన పడ్డాడు. తండ్రిని ఆఖరి చూపు చూసుకోవడానికి రమ్మని రాకుమారులకు కబురు. వచ్చినవాళ్లను వచ్చినట్టే బంధించారు. ఆ కబురు వెనక ఉన్నది, తర్వాత థీబా భార్య అయిన సుపయాలత్ తల్లి, రాణి సిన్‌బ్యూమషిన్. రాకుమారుడు న్యాంగ్‌యాన్, అతని తమ్ముడు మాత్రం బ్రిటిష్ రెసిడెన్సీకి చేరి బతికిపోయారు. వెళ్లాలా వద్దా అని ఆ పూట ఇంట్లో ఏం మాట్లాడుకుని ఉంటారు? పది పేజీలు రాయి.

సుపయాలత్‌ను రాక్షసిని చేసేశావు. ఆ హత్యల నాటికి ఆమెకు 19 ఏళ్లు. మఠంలో పాళీ చదువుకున్న థీబాకు 20. మెతకవాడు, చెప్పినట్టు వింటాడనుకునే మంత్రి కిన్వున్ మింజీ కూడా అతన్ని రాజుని చెయ్యడానికి ఒప్పుకున్నాడు. 80 మంది దాకా చచ్చారు, ఆమెను వదిలెయ్యమని అనను. అయితే బతికున్న ప్రతి అన్నదమ్ముడూ రేపటి తిరుగుబాటే అన్న లెక్క ఆమె ఒక్కర్తే వేసిందా? ఎవరు వేశారు, ఎవరు చూడనట్టు ఊరుకున్నారు, అది రాయి.

కోరంగి కూలీని అంతఃపురంలోకి దూర్చావు చూడు, నవ్వొచ్చింది, ఏమనుకోకు. మనవాళ్లు ఎక్కువగా పోయింది రంగం (రంగూన్) రేవుకు. 1852 నుంచి ఆ దిగువ బర్మా తెల్లవాళ్లదే. అతన్ని రేవులోనే ఉంచు. బస్తాలు మోస్తూ మాండలే కబుర్లు వింటాడు. చెప్పే మనిషి మారినకొద్దీ శవాల లెక్క పెరుగుతుంది. అలాంటి కథలనే ఇంగ్లిష్ పత్రికలు ఊదరగొట్టాయి. 1885లో ఇంగ్లిష్ టేకు కంపెనీకి థీబా సర్కారు వేసిన జరిమానా సాకుతో తెల్లవాళ్లు మాండలే మీద దండెత్తినప్పుడు బాగా పనికొచ్చాయి.

ఓడిన థీబాను, సుపయాలత్‌ను తెల్లవాళ్లు ప్రవాసం పంపిన రత్నగిరి అధ్యాయం బాగుంది. 1916లో థీబా అక్కడే పోయాడన్న ఒక్క ముక్క ఉంచి ఏడుపులు తీసెయ్. 1919లో సుపయాలత్ తిరిగొచ్చింది మాండలేకి కాదు, రంగానికి. నీ కూలీ అప్పటికి ముసలాడు, ఆ రేవులోనే ఉంటాడు. ఆమెను అతని కళ్లతో చూడు.

రెండో ప్రతి టైపు చేయించి పంపు. ఫోన్‌లో చదవలేను, కళ్లు లాగుతున్నాయి.

నీ అన్నయ్య