మెదడులో పురుగు తిత్తి ఉంటే ఫిట్స్ ఎందుకొస్తాయి?

బద్దెపురుగు పిల్ల మెదడులో చచ్చిపోయేటప్పుడు మన రోగనిరోధక కణాలు దానిమీద విరుచుకుపడటం వల్లే ఎక్కువగా ఫిట్స్ వస్తాయి. బతికున్నన్నాళ్లూ అది చిన్న నీటితిత్తిలో, ఆ కణాలను మభ్యపెడుతూ ఏళ్లతరబడి దాక్కుంటుంది. చచ్చేటప్పుడు తిత్తి గోడ పాడై లోపలి ప్రొటీన్లు బయటికి కారతాయి. అప్పుడు కణాలు చుట్టుముట్టి వాపు తెస్తాయి. చిత్తూరులో ఓ స్కూలు పిల్లాడికి హఠాత్తుగా ఫిట్స్ వచ్చి, స్కాన్‌లో ఒక మచ్చ, చుట్టూ వాపు కనబడ్డాయనుకోండి. అది చచ్చిపోతున్న తిత్తి కావచ్చు. అందుకే పురుగును చంపే ఆల్బెండజోల్‌తో పాటు వాపు తగ్గించే స్టెరాయిడ్ కూడా ఇస్తారు.

‘తిరుపతిలో పుట్టి పెరిగిన శాకాహారులం, మాకెలా వస్తుంది?’ అంటారు. సరిగా ఉడకని పందిమాంసం వల్ల వచ్చేది పేగుల్లో పురుగు. మెదడు తిత్తికి మూలం, ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్డు. కడగని కొత్తిమీరతోనో, మురికి చేతులతోనో అది ఎవరి నోట్లోకైనా పోవచ్చు.