రోజుకు పది మాటలు వద్దు

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. క్లాసులో పిల్లలచేత రోజుకు పది కొత్త మాటలు రాయిస్తున్నావు, శుక్రవారం టెస్టులో మంచి మార్కులే వస్తున్నాయి, సోమవారానికి ఒక్కటీ గుర్తుండటం లేదు. అదేగా నీ బాధ? ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను. 'తటపటాయించు అంటే సంకోచించు' అని బోర్డు మీద రాశాను. తెలియని మాట పక్కన తెలియని మాటే ఇంకొకటి పెడుతున్నానని చాన్నాళ్లు నాకు తట్టనే లేదు.

ఆ మాటే తర్వాత ఎలా వచ్చిందో చెబుతాను. ఒకటో తరగతి. ఆలస్యంగా వచ్చిన పిల్లాడు ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు. "ఏంట్రా తటపటాయిస్తున్నావు? రా, ఏమీ అననులే" అన్నాను. క్లాసంతా వాణ్ణే చూస్తోంది. మధ్యాహ్నం కథలో కుందేలు వాగు ఒడ్డున ఆగినప్పుడు మళ్లీ అదే మాట వాడాను. రెండు రోజులకు ఒక పాప వచ్చి, "టీచర్, నా పెన్సిల్ తటపటాయిస్తోంది" అంది. చూస్తే ములుకు ఊగుతోంది! నవ్వొచ్చింది గానీ తప్పు అనలేదు. "పెన్సిల్ ఊగుతోంది. దాంతో రాయాలా వద్దా అని నువ్వు తటపటాయిస్తున్నావు" అన్నాను. సగం పట్టుబడింది కదా, మిగతా సగం అదే వస్తుంది.

1978లో కేరీ, బార్ట్‌లెట్ అనే పరిశోధకులు మూడు నాలుగేళ్ల పిల్లలతో ఇలాంటిదే చూశారు. పిల్లలకు తెలిసిన రంగు ట్రే ఒకటి, ఆలివ్ పచ్చ ట్రే ఒకటి పెట్టి, ఆ ఆలివ్ పచ్చకు 'క్రోమియం' అని కొత్త పేరు పెట్టి, "క్రోమియం ట్రే తీసుకురా, ఆ రెండో రంగుది కాదు" అన్నారు. అదేదో రంగు పేరని ఒక్కసారి వినగానే పసిగట్టినవాళ్లున్నారు. ఏ రంగో మనసులో కుదురుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. నీ పది మాటలకు ఆ వ్యవధి ఎక్కడిస్తున్నావు? వారానికి మూడో నాలుగో చాలు, అవీ చదివే కథలోంచే తీసుకో.

"అర్థమైందా?" అని అడగొద్దు. అందరూ "అయింది టీచర్" అనే అంటారు. "ఈత రానివాడు చెరువు గట్టున తటపటాయిస్తాడా? ఎలుకను చూసిన పిల్లి తటపటాయిస్తుందా? ఎందుకు?" అని అడుగు. ఆ 'ఎందుకు' దగ్గరే వాళ్లకెంత తెలుసో బయటపడుతుంది.

క్రియలైతే చేయించెయ్. చూడటం, తొంగిచూడటం, తేరిపార చూడటం వేరువేరని ఎంత వివరించినా లాభం లేదు. తలుపు చాటున ఒకణ్ణి నిలబెట్టి తొంగిచూడమను, చాలు. వస్తువుల పేర్లకు ఇంత హడావుడి అక్కర్లేదు, చేతికిస్తే సరి.

నోరు విప్పని పిల్లల గురించి టెన్షన్ పడకు. మాట పలకడానికి చాలా ముందే అర్థం చేసుకుంటారు. బొమ్మల్లో వేలు పెట్టి చూపించమను, చూపిస్తారు.

సోమవారానికి ఏ కథ అనుకుంటున్నావో రాయి. పిల్లలు తప్పుగా వాడిన మాటలుంటే అవీ రాయి, నాకవే ఇష్టం.

ఆశీస్సులతో,
మీ పాత టీచర్