పంతొమ్మిదో అధ్యాయం మళ్ళీ రాయి

మూలాపేట, నెల్లూరు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల కాగితాలు అందాయి. మొదటిసారి ఒక్క రాత్రిలో చదివేశాను. రెండోసారి పెన్సిలు పట్టుకొని వారం రోజులు కూర్చున్నాను. ఉత్తరంలో "మేడమ్ గారూ" అని రాశావు. కందుకూరు పిల్లవి, పెద్దమ్మా అంటే చాలు.

నచ్చింది ముందు చెప్తా. బ్యారన్ దగ్గర రాత్రి, అదే మంట వేడికి పొగాకు ఆరబెట్టే కొట్టు దగ్గర. పొగాకు కర్రలకు అల్లి లోపలికి ఎక్కించాక, నీ కథలోని పిల్ల వాళ్ళ నాన్న పక్కన కూర్చొని ఒక కంట థర్మామీటరు, ఒక కంట కెమిస్ట్రీ పుస్తకం చూసుకుంటూ ఉంటుంది. ఆకు పసుపు తిరగకముందే మంట పెంచితే పచ్చగానే ఎండిపోద్ది, వేలంలో రేటు పలకదు అంటాడాయన. ఇంకేమీ అనడు. ఆ పన్నెండు పేజీల్లో నేను కామా కూడా కదపలేదు. తర్వాత కాలేజీలో వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకుల కాగితం గోడకు అంటించినప్పుడు నాకు ఆ మంటే గుర్తుకొచ్చింది. నువ్వు మాత్రం దాన్ని మళ్ళీ ఎత్తలేదు. మంచి పని చేశావు.

ఇక పంతొమ్మిదో అధ్యాయం. ఆ పిల్ల హాస్టలు గోడ దూకి, సింగరాయకొండ స్టేషన్లో రాత్రంతా బెంచీ మీద కూర్చుంటుంది. ఇంటికి పోతే నాన్న ముఖం చూడలేదు, కాలేజీకి పోతే వార్డెన్ ముఖం చూడలేదు. నాకు గొంతు పట్టేసింది. సరిగ్గా అప్పుడు ఎవరో రిటైరైన మాస్టారు వచ్చి పక్కన కూర్చుంటాడు. తల్లిదండ్రుల త్యాగం, మార్కులే జీవితం కాదు, ఆత్మవిశ్వాసం... నాలుగు పేజీలు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకొని మొదటి బస్సెక్కుతుంది. పద్దెనిమిది అధ్యాయాలు ఆ పిల్ల చెప్తే మేము విన్నాం. ఇక్కడికొచ్చేసరికి ఆ పిల్ల నోరు మూసుకొని వింటూ కూర్చుంది. ఆ మాస్టారుకి ఆ పిల్ల గురించి ఏం తెలుసు? బ్యారన్ దగ్గరి రాత్రి ఆయన చూడలేదు కదా.

నిన్ను తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పాలి. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక వారపత్రికకు నవల రాశాను. పదహారేళ్ళ పిల్ల, పై చదువుకు పోవాలని ఇంట్లో పోట్లాడే కథ. చివర్లో ఆ పిల్ల పోతుందో లేదో తేల్చకుండా, ట్రంకు పెట్టె సర్దుకుంటుండగా ఆపాను. ఎడిటరు గారు పిలిపించి, పాఠకులకు తృప్తి ఉండదమ్మా, బావతో పెళ్ళి చేసేయండి, చదువు పెళ్ళయ్యాక కూడా చదవొచ్చు అన్నారు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో చేసేశాను. నెల తర్వాత ఉదయగిరి వైపు నుంచి ఒక కార్డు వచ్చింది. "అక్కా, మా ఇంట్లోనూ ఇట్టాగే అంటా ఉండారు. మీరు రాసిన పిల్ల గెలుస్తదనుకున్నా" అని రెండే ముక్కలు. చిరునామా రాయలేదు. నలభై ఏళ్ళు దాటింది, ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. జవాబు రాయడానికి చోటు లేని ఉత్తరం అది.

మన దగ్గర ఈ వయసు పిల్లలకు పుస్తకాల అర ఎప్పుడూ సరిగ్గా లేదు. 1947 జూలైలో మొదలైన చందమామ మా తరానికి చదవడం అలవాటు చేసింది. పన్నెండేళ్ళు దాటాక ఏం చదవాలి? అమ్మ దిండు కింద దాచుకున్న వారపత్రికల సీరియళ్ళే. పేదరాశి పెద్దమ్మ కథల్లోంచి నేరుగా పెద్దవాళ్ళ కాపురాల్లోకి దూకాం. పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఉన్న మనిషిని ఎవరూ పలకరించలేదు. నువ్వు యంగ్ అడల్ట్ నవల రాశానంటే నాకు అంత సంతోషం కలిగింది అందుకే.

నువ్వడిగావు కాబట్టి చదవాల్సింది ఒకటి చెప్తా. అమెరికాలో టల్సా అనే ఊళ్ళో ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి పదిహేనేళ్ళ వయసులో 'ది అవుట్‌సైడర్స్' మొదలుపెట్టింది. 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు 18. మగపిల్లల కథ ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు తీసిపారేస్తారని ప్రచురణకర్తలు పేరును పొడి అక్షరాలు చేయించారు. కథ చెప్పేది పద్నాలుగేళ్ళ కుర్రాడు. అమ్మానాన్నలు పోయారు, పెద్దన్న సాకుతుంటాడు. ఒకరాత్రి ఆలస్యంగా వచ్చాడని అన్న చెయ్యి చేసుకుంటే వీడు పరుగెత్తి పోతాడు, నీ పిల్లలాగే. కొన్ని చోట్ల ఆ పుస్తకంలో కన్నీళ్ళు ఎక్కువయ్యాయని నాకనిపిస్తుంది. కానీ మళ్ళీ కలిసినప్పుడు ఆ అన్న ఉపన్యాసం ఇవ్వడు. ఆసుపత్రిలో నిలబడి ఏడుస్తాడు. అది చూసి, అన్నకు తనంటే ఎంత భయమో, ఎంత ఇష్టమో తమ్ముడికి తనంతట తనకే తెలుస్తుంది. ఆ చోటు రెండుసార్లు చదువు. తర్వాత సింగరాయకొండ బెంచీ దగ్గరికి రా.

కొత్త నవలల మీద నా అభిప్రాయం కూడా అడిగావు. నేను పాఠకురాలిగా చెప్పేది, ఒప్పుకోవాలని లేదు. ఈమధ్య చాలా పుస్తకాల్లో ఒక జబ్బునో, ఒక చావునో ముందే పెట్టుకొని దాని చుట్టూ పిల్లల్ని నిలబెడుతున్నారు. నేను ఏడుస్తాను, పుస్తకం మూశాక ఆ పిల్లకు ఏ కూర ఇష్టమో కూడా గుర్తుండదు. ఇంకొన్నిట్లో పెద్దవాళ్ళంతా మూర్ఖులు. నీ నవల్లో నాన్న అట్టా లేడు, సంతోషం. నాకు నచ్చే నవలల్లో మాత్రం డబ్బు లెక్క తెలుస్తుంది. నువ్వు ఫీజుకు అప్పు చేశారని ఒక్క ముక్కలో దాటేశావు. ఎవరి దగ్గర? నూటికి ఎన్ని రూపాయల వడ్డీకి? పొగాకు డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది, అంతదాకా హాస్టలు వాళ్ళు ఆగారా? ఆ పిల్ల స్టడీ అవర్లో కూర్చొని వేసే లెక్క ఇదే అయ్యుంటుంది.

నీతి లేకపోతే పుస్తకం వల్ల ఉపయోగమేంటని మీ నాన్న అడిగారని రాశావు. మా నెల్లూరు జిల్లాలో జరిగిందే ఆయనకు చెప్పు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు, రాత్రి బడిలో వయోజనుల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల గుల్లయిన ఇల్లు. దూబగుంట ఆడవాళ్ళు అది చదువుకొని, రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడి ఊళ్ళో సారా అమ్మనివ్వలేదు. అది రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ పాఠంలో నీతి లేదని నేను అనను. తాగుడు మంచిది కాదన్న సంగతి ఆ ఆడవాళ్ళకు అంతకుముందే తెలుసు, వాళ్ళ ఒంటి మీద దెబ్బలే చెప్పేవి. అక్షరాల్లో తమ ఇల్లు కనపడటం మాత్రం అదే మొదటిసారి. వాళ్ళను లేపింది అదేనని నా నమ్మకం.

భాష సంగతి. నాన్న "పలకదు" అంటే చెవికి హాయిగా ఉంది. హాస్టల్లో పిల్లలు మాత్రం "నీవు ఎక్కడికి వెళ్ళుచున్నావు" అన్నట్టు మాట్లాడుతున్నారు. ఎందుకమ్మా? మీ కందుకూరు 1970లో నెల్లూరు నుంచి ప్రకాశంలోకి పోయింది, 2022లో మళ్ళీ నెల్లూరులోకి వచ్చింది. "యాడికి పోతా ఉండావు" అన్న మాట ఇన్నాళ్ళూ అక్కడే ఉండిపోయింది. వాళ్ళనట్టాగే మాట్లాడనీ. కనిగిరి పిల్ల ఒకతి ఉంది కదా, ఆమె మాట కొంచెం వేరుగా పడాలి. బస్టాండులో అరగంట నిలబడితే నీకే వినపడుతుంది.

ఏ నవల చదివినా, ఎక్కడ ఆపాలనిపించిందో ఆ పేజీ నంబరు రాసుకో. ఎందుకు అన్నది తర్వాత ఆలోచించొచ్చు. నీ కాగితాల్లో నేను 214వ పేజీలో ఆగాను. మాస్టారు నోరు తెరిచిన పేజీ అది.

ఆయన్ను తీసేశాక స్టేషన్లో ఏం జరగాలో నేను చెప్పను. ఆ పిల్ల దగ్గర కెమిస్ట్రీ పుస్తకం ఉంది, జేబులో అరవై రూపాయలున్నాయి, తెల్లవారడానికి ఇంకా నాలుగు గంటలుంది. కాగితాలు బస్సులో పంపితే పోతాయని భయం, నువ్వే వచ్చి తీసుకుపో. ఆదివారం రాత్రి మామిడికాయ వేసి చేపల పులుసు పెడతా, సోమవారానికి ఊరి ఉంటుంది. సోమవారం పొద్దున రా. కొత్త పంతొమ్మిదో అధ్యాయం తెచ్చుకో, సగమైనా సరే.

ఇట్లు,
పెద్దమ్మ