ఆటల పీరియడ్ ఉన్న రోజే కడుపునొప్పి

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చదువులో బాగానే ఉంటుంది. ఆటల పీరియడ్ ఉన్న రోజు మాత్రం పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. గుచ్చిగుచ్చి అడిగితే, ‘జట్లు వేసేటప్పుడు నన్నెవరూ పిలవరు, పరిగెత్తితే నవ్వుతారు’ అని ఏడ్చింది. వాళ్ల నాన్నేమో అది బద్ధకమంటున్నారు. ఆటలు మాన్పించమని స్కూలుకు ఉత్తరం రాసివ్వనా? – ఓ తల్లి

జవాబు: అమ్మా, ఆ నొప్పి నాటకం కాదు. టెన్షన్ పడితే పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. ‘వేషాలెయ్యకు’ అనే మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనొద్దు.

లెక్క తప్పితే ఆ తప్పు నోట్‌బుక్కులోనే ఉండిపోతుంది. బంతి చేజారితే క్లాసంతా చూస్తుంది. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుచుకుంటూ పోతుంటే, తల దించుకుని చివరిదాకా నిలబడే పిల్ల సంగతి ఆలోచించండి. పైగా ఒళ్లు మారే వయసు, నెలసరి ఇబ్బందులు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం.

డెసీ, ర్యాన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల సిద్ధాంతం ప్రకారం, మనిషికి ఏ పని మీదైనా ఆసక్తి నిలవాలంటే మూడు కావాలి. అందులో తన ఇష్టం కొంతైనా చెల్లాలి, ‘నాకు వస్తోంది’ అనిపించాలి, తోటివాళ్లు తనను కలుపుకోవాలి. మీ అమ్మాయికి ఆ పీరియడ్‌లో ఈ మూడూ దొరకడం లేదు. తిట్టి పంపితే దొరుకుతాయా?

ఉత్తరం మాత్రం వద్దు. ఈ వారం తప్పించుకుంటే హాయిగానే ఉంటుంది, వచ్చే వారానికి భయం రెట్టింపవుతుంది. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. డాక్టర్ వద్దంటే వేరే సంగతి.

పీఈటీ సారును కలవండి. అమ్మాయికి ముందే చెప్పి, ఆమె సరేనన్నాకే వెళ్లండి. క్లాసులో తన పేరెత్తుతారేమోననే భయం ఆమెకు ఉంటుంది. సారును ఇలా అడగండి: ‘జట్లు మీరే వేయండి సార్. పరుగు టైమింగ్ అందరి ముందూ చదవకుండా ఎవరిది వాళ్లకే చెప్పండి. పోయిన నెల కంటే ఎంత మెరుగైందో చెబితే ఇంకా మంచిది.’ చిన్న జట్లయితే బంతి అందరికీ అందుతుంది. రెండు మూడు ఆటల్లో నచ్చింది ఎంచుకోనిస్తే మరీ మేలు. ఇవన్నీ మీ అమ్మాయికే కాదు, నోరు విప్పని ఇంకెందరో పిల్లలకు పనికొస్తాయి.

ఇక వాళ్ల నాన్నగారికి ఒక పని అప్పజెప్పండి. సాయంత్రం కాసేపు కూతురితో షటిల్ ఆడమనండి. కాక్ కింద పడితే తీసి ఇవ్వడమే, ‘బ్యాట్ అలా కాదు పట్టుకునేది’ అని సరిచేయకూడదు. తప్పు చేసినా ఎవరూ నవ్వని చోటు ఆమెకు ఒకటుండాలి. షటిల్ వద్దంటే స్కిప్పింగో, సైకిలో, డాన్సో, ఏదో ఆమెనే చెప్పనివ్వండి.

ఆ నవ్వులు ఒంటి మీద మాటలూ పేర్లుపెట్టడమూ దాకా వెళ్తే, అది ఆటల విషయం కాదు, వేధింపు. ఆలస్యం చేయకుండా ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. నొప్పి మిగతా రోజులకూ పాకినా, నిద్ర, తిండి తగ్గినా పిల్లల సైకాలజిస్టుకు చూపించండి.