పొట్ట కోయకుండా కణితి తీయాలంటే పీజీలో సర్జరీ తీసుకోవాలా?

ప్రశ్న: మాది ఆదోని. కర్నూలు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఫైనలియర్ చదువుతున్నాను. ఎండోస్కోపీతోనే కడుపులో, పేగుల్లో చిన్న కణితులు తీసే డాక్టరు కావాలని ఉంది. ఇంట్లో జనరల్ సర్జరీ తీసుకోమంటున్నారు. ఏది సరైన దారి?

జవాబు: మెడిసిన్ తీసుకోండమ్మా. కణితి అనగానే సర్జన్ గుర్తొస్తాడు గానీ, మన దేశంలో ఈ పని ఎక్కువగా చేసేది గ్యాస్ట్రోఎంటరాలజిస్టులే (జీర్ణకోశ వైద్యులు). నీట్ పీజీతో ఎండీ జనరల్ మెడిసిన్ 3 ఏళ్లు, ఆపై నీట్ ఎస్‌ఎస్‌తో (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) డీఎం గ్యాస్ట్రోఎంటరాలజీ 3 ఏళ్లు. సర్జరీ చేసి ఎంసీహెచ్‌కు (సర్జన్ల సూపర్ స్పెషాలిటీ పట్టా) వెళ్లినా దారి మూసుకుపోదు. కాకపోతే అక్కడ రోజులో ఎక్కువ భాగం ఆపరేషన్ థియేటర్‌కే పోతుంది, స్కోపు పట్టే సమయం తక్కువ.

డీఎం పట్టా వచ్చినంత మాత్రాన ఈ పని వచ్చేసినట్టు కాదు. సుమారు 2 సెంటీమీటర్ల లోపు కణితికి ఈఎంఆర్ చాలు: కింద ద్రవం ఎక్కించి పైకి లేపి, తీగ ఉచ్చు బిగించి కరెంటుతో తెంచుతారు. అంతకన్నా పెద్దదైతే ఉచ్చుకు ఒకేసారి అందదు, ముక్కలుగా వస్తుంది. అంచుల్లో జబ్బు మిగిలిందో లేదో తెలియదు, మళ్లీ పెరిగే అవకాశమూ ఎక్కువ. అందుకే ఈఎస్‌డీ, అంటే కణితిని ఒకే ముక్కగా ఒలిచి తీసే పద్ధతి. కణితి చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల దూరంలో చుక్కలు పెట్టి, నీలి రంగు కలిపిన ద్రవం ఎక్కించి, చుక్కల బయట పైపొర కోసి, కింది పొరను సన్నని కత్తితో కొద్దికొద్దిగా విడదీస్తారు. నీలంగా కనిపించినంతవరకే కత్తి నడవాలి. తెల్లగా కండర పొర కనిపిస్తే ఆగాలి. సెలైన్ కొద్ది నిమిషాల్లోనే ఇంకిపోతుంది, లేచిన పొర కుంగుతుంది. అది గమనించకుండా కోస్తే రంధ్రం పడుతుంది. పెద్దపేగు గోడ పల్చన కాబట్టి అక్కడ భయం మరీ ఎక్కువ. రక్తనాళం కనిపిస్తే ముందు కాల్చి మూసి, ఆ తర్వాతే కోయాలి. ముందు తెగిందా, రక్తంలో ఏమీ కనిపించదు.

తీసిన ముక్కను నేరుగా ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) వేస్తే ముడుచుకుపోతుంది. కార్కు పలక మీద పరిచి అంచులకు గుండుసూదులు గుచ్చి పంపాలి. పెథాలజిస్టు దాన్ని 2 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి లోతు కొలుస్తారు. కడుపులో క్యాన్సర్ కండర పొర పైనున్న పొరలోకి 500 మైక్రాన్లు (అర మిల్లీమీటరు) దాటి దిగితే తరచూ ఆపరేషన్ తప్పదు. కాబట్టి పెథాలజీని పరీక్ష కోసమే చదివి వదిలేయకండి.

ఇంకో ఇబ్బంది ఉంది. జపాన్‌లో స్క్రీనింగ్ వల్ల తొలిదశలోనే చాలా కేసులు దొరుకుతాయి, కొత్తవాళ్లు కడుపు కింది భాగంలోని చిన్న కణితులతో మొదలుపెడతారు. మన వైపు కడుపులో మంటంటే మెడికల్ షాపు గ్యాస్ మాత్రతో నెలలు గడిపేస్తారు. ముద్ద దిగనప్పుడు వస్తే ఈ పద్ధతికి కాలం మించిపోయి ఉంటుంది. అందువల్ల నేర్చుకోవడానికి కేసులు దొరికే చోటు వెతుక్కోవాలి. ముందు పంది కడుపు మీద సాధన, తర్వాత సీనియర్ పక్కన నిలబడి రోగుల మీద.

హౌస్‌సర్జెన్సీలో ఖాళీ దొరికినప్పుడల్లా ఎండోస్కోపీ గదిలో నిలబడండి. ఎడమ బొటనవేలితో చక్రం ఎలా తిప్పుతున్నారో చూడండి. డీఎం సీటు ఎంచుకునేటప్పుడు అక్కడి సీనియర్ విద్యార్థులను రెండే అడగండి: ఏడాదికి ఈఎస్‌డీలు ఎన్ని, అందులో మీ చేతికి కత్తి ఎన్నిసార్లు ఇచ్చారు?